ఇరవై డబ్ల్యూ యాభై

రాణీగంజ్‌లో పొద్దున పదిన్నరకే
తారు మెత్తబడే మే నెల.
హస్ముఖ్ సేఠ్ కొట్లో డబ్బాలు గోడెత్తున:
బంగారు రంగువి, వెండి రంగువి,
పందెం కారు బొమ్మ వేసుకున్నవి.
"ఏ బండి మేడం?" గల్లా దగ్గరి పిల్లాడు అఖిలేశ్.
"జెన్. తొంభై ఏడు."
వాడి కన్నా ఎనిమిదేళ్లు పెద్దది.
"సింథటిక్ తీసుకోండి. జీరో డబ్ల్యూ ట్వంటీ. నీళ్లలా పారుతుంది."

నీళ్లలా పారేది నాకెందుకు నాయనా,
ఆ బండి వల్ల ఇప్పటికే పారుతున్నది చాలు,
డబ్బుతో సహా.

రాష్ట్రం రెండుసార్లు అక్షరాలు మార్చుకుంది,
దాని పలక మీద ఇంకా ఏపీ పదే.
నేరేడ్‌మెట్ సందుల్లో, సైనిక్‌పురి ఎక్కుడులో
నూట పద్నాలుగు మంది ఆడవాళ్లు
దీని క్లచ్ మీద కాళ్లు వణికించి వెళ్లారు.
ఫస్టు అనుకొని థర్డు వేసినవాళ్లు,
ఆపమంటే ఆక్సిలేటర్ తొక్కినవాళ్లు,
ఏడ్చినవాళ్లు.
ఒకామె మొగుడికి చెప్పకుండా నేర్చుకొని
లైసెన్సు బియ్యం డబ్బాలో దాచింది.
అందరి తప్పులూ ఇంజన్‌లో ఎక్కడో అరిగి ఉంటాయి,
వెంట్రుక మందం, అందులో సగం మందం.

ఖుద్దూస్ భాయ్ షెడ్డు మల్కాజిగిరిలో, రైలు పట్టాల పక్కన.
డిప్‌స్టిక్ తీసి, పాత బనీనుకు తుడిచి, మళ్లీ ముంచి
బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఆ నలుపును రుద్ది
పాకం చూసినట్టు చూశాడు.
తీగ రాలేదు.
"గీతకు ఇంత కింద ఉంది. తాగేస్తున్నది."
"రక్తంలాంటిదే కదా భాయ్" అన్నాను, తెలివి చూపిద్దామని.
"రక్తం ఐదు వేల కిలోమీటర్లకోసారి మారుస్తరా మేడం?
నూనె నూనెలాంటిదే."

డబ్ల్యూ ముందరి అంకె చలికట, వెనకది వేడికట.
"చలి మనకు ఎన్ని రోజులుంటది?
డిసెంబర్ల రెండు వారాలు, అదీ తెల్లారేదాంక.
వెనక అంకె చూడుండ్రి. పారడైజ్ కాడ
నాలుగు సిగ్నళ్లు పడ్డంక ఇంజన్ల ఏం మిగులుతదో, అది."

సింథటిక్ సంగతి అడిగాను.
స్పానర్ కింద పెట్టాడు.
"మంచిదే. చాలా మంచిది. అందుకే భయం.
లోపలంతా కడిగేస్తది.
ఇరవై ఏళ్ల మడ్డి పట్టి కూసున్న కాడ
సీలు ఎప్పుడో చచ్చిపోయింది.
ఇన్నాళ్లు ఆపుతున్నది ఆ మడ్డే.
అది పోయిందంటే మొత్తం కారుడే."

ఆ మాటను ఇంటిదాకా మోశాను.
మా అక్కకూ నాకూ మధ్య
పదకొండేళ్ల నాటి మాట ఒకటి పడి ఉంది.
కడిగితే ఎక్కడెక్కడ కారుతుందోనని
ఫోన్‌లో ఇద్దరం ఎండల గురించే మాట్లాడుకుంటాం.
ఇదే సరైన పద్ధతి అనను.
బండి సంగతి వేరు.
వేరనే అనుకుంటాను.

మళ్లీ సేఠ్ దగ్గరికి. కింది అరలో
దుమ్ము పట్టిన నీలం డబ్బా, ఏ బొమ్మా లేనిది.
ఇరవై డబ్ల్యూ యాభై.
అఖిలేశ్ జాలిగా బిల్లు రాశాడు.

బోల్టు విప్పితే పాతది ధారగా దిగింది,
ఆ తర్వాత చుక్కలు, ఒక్కో చుక్కా ఆలోచించుకొని.
రెండు చాయ్‌లు తాగేదాకా ఖుద్దూస్ భాయ్ కదల్లేదు.
కొత్తది గరాటులోంచి నిదానంగా,
తనకు తొందర లేనట్టు.
"నిండా పొయ్యొద్దు" అన్నాడు. "రెండు గీతల నడుమ."

మర్నాడు ఆరింటికి సుగుణమ్మ వచ్చింది.
అంగన్‌వాడీ టీచరు, యాభై ఎనిమిదేళ్లు,
నూట పదిహేనో మనిషి.
తాళం తిప్పింది. ఇంజన్ అందుకుంది.
ఎర్ర దీపం మాత్రం ఒక్క క్షణం ఎక్కువే నిలిచింది.
"ఈ చెంబు బొమ్మేంది మేడం? చుక్క కూడ కారుతున్నది."
"నూనె. ఇంకా పైదాకా ఎక్కలేదని."
స్టీరింగ్ మీద రెండు చేతులూ ఆనించి
ఆమె రోడ్డు వైపు చూసింది.
"ఏం తొందర" అంది. "ఎక్కనీయుండ్రి."